బ్రాకెట్లు ఎవరు లెక్కపెడతారు? మీకు తెలుసా?

లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద కంప్యూటర్ వాళ్ళలో ఓ పాత జోకు తిరుగుతూ ఉంటుంది. అమెరికా క్షిపణి రక్షణ ప్రోగ్రాం మొత్తం కొట్టుకొచ్చానని ఒక గూఢచారి గొప్పలు పోతాడు. రుజువేదీ అంటే చివరి పేజీ తీసి చూపిస్తాడు. పేజీ నిండా మూసే బ్రాకెట్లే. ఇంకో అక్షరం ఉండదు.

అతిశయోక్తే గానీ మరీ అబద్ధం కాదు. లిస్ప్, స్కీమ్, రాకెట్, క్లోజర్ లాంటి భాషల్లో ప్రతి లెక్కా ప్రతి ఆజ్ఞా ఒక బ్రాకెట్ల జత లోపలే ఉంటుంది. ఆ జత ఇంకో జతలో, అది మరో జతలో, ఒకదాంట్లో ఒకటి పెట్టిన స్టీలు డబ్బాల్లా. ఒక ఫంక్షన్ ముగిసే చోట ఆరేడు మూసే బ్రాకెట్లు వరసగా నిలబడి ఉండటం మామూలే. కొత్తగా చూసినవాళ్ళు ముందు అడిగేది ఒకటే: ఇవన్నీ ఎలా లెక్కపెడతారండీ?

ఎవరూ లెక్కపెట్టరు. ఆ పని ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్‌ది. రోజూ ఈ భాషల్లో రాసేవాళ్ళు బ్రాకెట్‌ను విడి అక్షరంలా చూడటం ఎప్పుడో మానేశారు. జతను జతగానే పట్టుకుని పెంచుతారు, కుదిస్తారు, పైకి లాగుతారు, పక్కకు నెడతారు. దీనికి స్ట్రక్చరల్ ఎడిటింగ్ అని పేరు. దీని వెనక దశాబ్దాల చరిత్ర ఉంది, అందులో కొన్ని విచిత్రాలూ ఉన్నాయి.

ఈ బ్రాకెట్లు అసలు ఉండాల్సినవి కావు

జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్ మొదలుపెట్టినప్పుడు ఆయన మనసులో రెండు రకాల రాతలున్నాయి. మనుషులు ప్రోగ్రాం రాసుకోవడానికి ఎం-ఎక్స్‌ప్రెషన్లు. ఇవి గణితం పుస్తకంలో సూత్రాల్లా ఉంటాయి. యంత్రం లోపల జాబితాలను చూపించడానికి గుండ్రటి బ్రాకెట్ల ఎస్-ఎక్స్‌ప్రెషన్లు. 1960లో అచ్చయిన తన వ్యాసంలో మెకార్తీ, లిస్ప్ ప్రోగ్రాంను లిస్ప్‌లోనే నడిపించే 'ఇవాల్' అనే ఫంక్షన్ రాసి చూపించాడు. అది కాగితం మీద సిద్ధాంతం కోసం రాసింది. స్టీవ్ రసెల్ అనే కుర్రాడు దాన్ని ఐబీఎం 704 యంత్ర భాషలోకి చేత్తో మార్చేశాడు. మార్చేసరికి అది నిజంగానే నడిచింది. ఆ ఇవాల్‌కి అర్థమయ్యేది బ్రాకెట్ల రాత ఒక్కటే. జనం దానితోనే రాయడం మొదలుపెట్టారు, అలవాటు పడ్డారు, ఎం-ఎక్స్‌ప్రెషన్లు ఎన్నడూ పూర్తి కాలేదు.

ఆ తర్వాత మెకార్తీ స్టాన్‌ఫర్డ్‌కి మారాడు. అక్కడ ఆయన దగ్గర 1966లో డాక్టరేట్ పూర్తి చేసినవారిలో మన రాజ్ రెడ్డి గారు ఒకరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఈ దబ్బాల రాజగోపాల్ రెడ్డి గారికే 1994 ట్యూరింగ్ అవార్డు (ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి) వచ్చింది.

'8' కొడితే బ్రాకెట్ అనుకునే కంప్యూటర్

1970ల్లో ఇంటర్‌లిస్ప్ అని ఒక వ్యవస్థ ఉండేది. బోస్టన్ దగ్గరి బీబీఎన్‌లో మొదలై, జిరాక్స్ వారి పాలో ఆల్టో ప్రయోగశాలలో పెరిగింది. వారెన్ టైటెల్‌మన్ అందులో 'డ్విమ్' అనే భాగం పెట్టాడు. మీరు కొట్టింది వదిలేసి, మీ మనసులో ఉన్నది చేయడం దాని పని. అప్పటి టెలిటైప్ కీబోర్డుల మీద తెరిచే బ్రాకెట్ 8 మీద, మూసేది 9 మీద ఉండేవి. షిఫ్ట్ సరిగ్గా పడకపోతే బ్రాకెట్ బదులు అంకె పడేది. అర్థంలేని చోట 8 గానీ 9 గానీ కనిపిస్తే, ఇది బ్రాకెట్టే అయ్యుంటుందని డ్విమ్ ఊహించి సరిచేసేది. మంచి ఊహే. తప్పు ఊహించినప్పుడు మాత్రం టైటెల్‌మన్‌కి తిట్లు పడేవి.

అదే ఇంటర్‌లిస్ప్‌లో ఇంకో సదుపాయం: చివర్లో ఒక్క చదరపు బ్రాకెట్ కొడితే, తెరిచి ఉన్న గుండ్రటి బ్రాకెట్లన్నీ ఒకేసారి మూసుకునేవి. చూడటానికి హాయి. కానీ పొరపాటు ఎక్కడో మధ్యలో జరిగితే దాన్ని కూడా నిశ్శబ్దంగా కప్పెట్టేసేది. ఇప్పటి లిస్ప్ భాషల్లో చాలామటుకు దీన్ని ఉంచుకోకపోవడం మంచిదే అయింది.

ఫైలు లేకుండా ప్రోగ్రాం దిద్దడం

ఇంటర్‌లిస్ప్‌లో అసలు వింత దాని ఎడిటర్. మనం ఇవాళ ఫైలు తెరిచి అక్షరాలు దిద్దుతాం. వాళ్ళు దిద్దేది మెమరీలో ఉన్న జాబితాను. ఎడిటర్‌లో 3 అని కొడితే మూడో అంశం లోపలికి దిగుతారు. 0 కొడితే ఒక మెట్టు పైకి వస్తారు. 'పీ' కొడితే ప్రస్తుతం నిలబడ్డ చోటు కాగితం మీద అచ్చవుతుంది. మరీ లోతుగా ఉన్న ముక్కల బదులు & గుర్తు పడుతుంది, లేకపోతే టెలిటైప్ కాగితం గజాలకు గజాలు ఖర్చయ్యేది. ఇలా దిద్దితే బ్రాకెట్ తప్పిపోయే ప్రశ్నే లేదు. అక్షరాలే లేనప్పుడు తప్పిపోవడానికి బ్రాకెట్ ఏది?

దానికి తగ్గ మూల్యమూ ఉంది. ప్రోగ్రాంలో ఉన్నదల్లా జాబితాయే కాబట్టి వ్యాఖ్యలు కూడా జాబితాలుగానే రాయాలి. తెరిచే బ్రాకెట్, ఒక నక్షత్రం గుర్తు (*), ఆపైన వ్యాఖ్య, మళ్ళీ మూసే బ్రాకెట్. మీరు అందంగా పేర్చుకున్న ఖాళీలూ వరసలూ మిగలవు. అచ్చు వేసిన ప్రతిసారీ యంత్రం తనకు తోచినట్టు పేర్చేది.

1978లో ఈ విషయం మీద వాదం అచ్చులోకే ఎక్కింది. స్వీడన్‌కు చెందిన ఎరిక్ సాండెవాల్ లిస్ప్ పనివాతావరణం మీద ఒక పెద్ద వ్యాసం రాస్తే, దానికి ఎంఐటీ నుంచి రిచర్డ్ స్టాల్‌మన్ స్పందించాడు. ఆయన 1976లో సహచరులతో కలిసి ఈమాక్స్ ఎడిటర్ తయారుచేసినవాడు. స్టాల్‌మన్ పక్షం: ప్రోగ్రాంను మామూలు పాఠంగానే ఉంచండి, ఎడిటర్‌కి మాత్రం బ్రాకెట్ల జతలు తెలిసేలా చేయండి. గెలిచింది ఈ పక్షమే. ఇవాళ్టికీ ఈమాక్స్‌లో కంట్రోల్, ఆల్ట్ రెండూ నొక్కి పట్టి 'ఎఫ్' కొడితే కర్సర్ ఒక పూర్తి జతను దాటి అవతల నిలబడుతుంది. 'కే' కొడితే ఆ జత మొత్తం తెగిపోతుంది. 'టీ' కొడితే ముందు వెనకల జతలు స్థానాలు మార్చుకుంటాయి. వీటికి ఏ అదనపు ప్యాకేజీ అక్కర్లేదు. లిస్ప్ ఊసే లేకుండా ఈమాక్స్‌లో పైథాన్ రాసుకునేవాళ్ళలో చాలామంది వీటిని ఎప్పుడూ నొక్కి చూడరు, అదే విచారం.

బ్రాకెట్లకు షిఫ్ట్ అక్కర్లేని కీబోర్డు

1980ల్లో సింబాలిక్స్ కంపెనీ లిస్ప్ నడపడానికే ప్రత్యేకంగా కంప్యూటర్లు అమ్మేది. వాటి కీబోర్డు మీద 'పీ' అక్షరం పక్కనే గుండ్రటి బ్రాకెట్లు ఉండేవి, షిఫ్ట్ లేకుండా. చదరపు బ్రాకెట్లకే షిఫ్ట్ నొక్కాలి. ఇవాళ కూడా కొందరు లిస్ప్ కోడర్లు సెట్టింగుల్లో ఈ రెంటినీ తారుమారు చేసుకుంటారు. వాళ్ళ లాప్‌టాప్ మీ చేతికిస్తే మీకు పిచ్చెక్కుతుంది.

జుర్రుకునే బ్రాకెట్, కక్కేసే బ్రాకెట్

2005లో టేలర్ క్యాంప్‌బెల్ ఈమాక్స్ కోసం పారెడిట్ రాశాడు. ఈ కథలో అసలు మలుపు ఇదే. ఇవాళ వేరే ఎడిటర్లలో కనిపించే ఆజ్ఞల పేర్లు చాలామటుకు ఇక్కడినుంచి వెళ్ళినవే. వాటిలో రెండు స్లర్ప్, బార్ఫ్. మొదటిది పక్కనున్నదాన్ని జుర్రుకోవడం, రెండోది లోపలున్నదాన్ని కక్కడం. పేర్లు మోటుగా ఉన్నా, ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు.

ఒక హాస్టల్ బిల్లు లెక్క తీసుకుందాం. లిస్ప్‌లో గుర్తు ముందు వస్తుంది, అంకెలు తర్వాత:

(+ (* అద్దె గదులు) నెలలు కరెంటు)

ఇందులో తప్పుంది. నెలలు గుణకారంలో ఉండాలి, బయట పడిపోయింది. మామూలు ఎడిటర్‌లో అయితే 'గదులు' పక్కన ఉన్న మూసే బ్రాకెట్ చెరిపి, 'నెలలు' తర్వాత మళ్ళీ కొట్టాలి. ఆ రెండు పనుల మధ్య ఫోను మోగిందా, ఫైలు విరిగిన స్థితిలో అలాగే ఉండిపోతుంది. పారెడిట్‌లో కర్సర్‌ను లోపలి జతలో ఎక్కడైనా పెట్టి కంట్రోల్‌తో పాటు మూసే బ్రాకెట్ నొక్కితే చాలు:

(+ (* అద్దె గదులు నెలలు) కరెంటు)

బ్రాకెట్ ఒక్క అడుగు కుడికి జరిగి నెలలను లోపలేసుకుంది. ఇంకోసారి నొక్కితే కరెంటునూ మింగేస్తుంది, మీ బిల్లు లక్షల్లోకి వెళుతుంది. అప్పుడు బార్ఫ్: కంట్రోల్‌తో పాటు మూసే మీసాల బ్రాకెట్. కరెంటు మళ్ళీ బయటికొచ్చి పడుతుంది.

యజమాని అద్దె మీద తగ్గింపు ఇస్తానన్నాడనుకోండి. కర్సర్ 'అద్దె' ముందు పెట్టి ఆల్ట్‌తో తెరిచే బ్రాకెట్ కొడితే దాని చుట్టూ కొత్త జత పుడుతుంది. అందులో తీసివేత గుర్తూ తగ్గింపూ రాస్తే సరి:

(+ (* (- అద్దె తగ్గింపు) గదులు నెలలు) కరెంటు)

కరెంటు ఎవరిది వాళ్ళే కట్టుకోవాలన్నారా? కర్సర్‌ను గుణకారం జత ముందుకు తెచ్చి ఆల్ట్ 'ఆర్' కొట్టండి. దీన్ని రైజ్ అంటారు. ఎంచుకున్న ముక్క తనను చుట్టి ఉన్న పెద్ద జత మొత్తాన్నీ తోసేసి దాని చోట్లో కూర్చుంటుంది. కూడికా పోయింది, కరెంటూ పోయింది:

(* (- అద్దె తగ్గింపు) గదులు నెలలు)

ఇన్ని మార్పుల్లోనూ ఏ ఒక్క క్షణం కూడా బ్రాకెట్లు సరిపోని స్థితి రాలేదు. అందం అక్కడుంది. మెట్టు మెట్టుకీ ప్రోగ్రాం చక్కగా చదవగలిగే రూపంలోనే ఉంటుంది కాబట్టి మధ్యలో ఎక్కడ ఆగినా దాన్ని నడిపి చూసుకోవచ్చు. పారెడిట్‌లో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఒక జతను రెండుగా చీల్చడం, రెంటిని కలపడం, చుట్టూ ఉన్న బ్రాకెట్లు మాత్రం ఊడబెరకడం, చివరికి లోపలి జతనూ బయటి జతనూ తిరగేసే 'కన్వొల్యూట్' అనేది కూడా. ఈ చివరిది వాడేవాళ్ళు అరుదు. నన్నడిగితే స్లర్ప్, రైజ్, చుట్టడం, ఈ మూడు చేతికి వస్తే రోజువారీ పనికి సరిపోతుంది. మిగతావి అవసరం పడ్డప్పుడు వెతుక్కోవచ్చు.

ఒక చిక్కు. టెర్మినల్‌లో కంట్రోల్‌తో బ్రాకెట్ కలిపి కొడితే ఆ సంకేతం మామూలుగా ఎడిటర్ దాకా చేరదు. అందుకే కంట్రోల్‌తో కుడి బాణం కూడా స్లర్ప్‌కి కేటాయించారు. తీరా మాక్ కంప్యూటర్లలో ఆ కలయికను ఆపరేటింగ్ సిస్టం డెస్క్‌టాప్‌లు మార్చడానికి వాడుకుంటుంది. దాంతో ఎవరి కీలు వాళ్ళు పెట్టుకోక తప్పదు.

బ్యాక్‌స్పేస్ పనిచేయని ఎడిటర్

పారెడిట్ మొదటిసారి వాడినవాళ్ళు ఇన్‌స్టాల్ చేయడంలో ఏదో తేడా కొట్టిందనుకుంటారు. మూసే బ్రాకెట్ పక్కన నిలబడి బ్యాక్‌స్పేస్ కొడితే అది చెరగదు. కర్సర్ దాన్ని దాటి లోపలికి వెళుతుంది, అంతే. జత ఖాళీగా ఉంటేనే రెండు బ్రాకెట్లూ కలిసి పోతాయి. వరస చివరిదాకా తెంచే కంట్రోల్ 'కే' కూడా, జత లోపల కొడితే మూసే బ్రాకెట్ దగ్గర ఆగిపోతుంది. మూసే బ్రాకెట్ మీరు కొడితే కొత్తది పడదు, ముందే ఉన్నదాన్ని దాటి కర్సర్ బయటికొస్తుంది.

పనితనం తెలిసేది చిన్న చిన్న చోట్ల. కొటేషన్ గుర్తుల మధ్య వాక్యం రాస్తూ ఇంకో కొటేషన్ గుర్తు కొడితే, దాని ముందు బ్యాక్‌స్లాష్ తనే వేస్తుంది. వ్యాఖ్య మొదలుపెట్టడానికి వరస మధ్యలో సెమికోలన్ కొడితే, దాని వెనకున్న మూసే బ్రాకెట్లు వ్యాఖ్యలో కలిసి చచ్చిపోకుండా ముందే కింది వరసకు దించుతుంది. వ్యాఖ్య లోపల మాత్రం ఏ బ్రాకెట్ ఎలా కొట్టినా పట్టించుకోదు. అక్కడ నవ్వు ముఖం గీసుకున్నా సరే.

ఇంత కట్టుదిట్టంలోనూ దొడ్డిదారి ఉంది. కంట్రోల్ 'క్యూ' నొక్కి బ్రాకెట్ కొడితే ఒంటి బ్రాకెట్ పడుతుంది. కంట్రోల్ 'యూ' నొక్కి బ్యాక్‌స్పేస్ కొడితే జత చెడినా సరే చెరుగుతుంది. ఇది ఎప్పుడు కావాలంటే, ఫైళ్ళ మార్పులను నమోదు చేసే గిట్‌లో ఇద్దరి మార్పులు ఢీకొన్నప్పుడు. ఇద్దరి రాతలూ ఒకే ఫైల్లో పడి బ్రాకెట్ల లెక్క చెడిపోతుంది. అలాంటి ఫైలు తెరిచి పారెడిట్ ఆన్ చేయబోతే అది ఒప్పుకోదు. జత కుదరని చోటు ఉందని చెప్పి ఆగిపోతుంది. ముందు ఇల్లు చక్కబెట్టుకో, ఆ తర్వాతే నేనొస్తానంటుంది. ఈ మొండితనం కొందరికి గిట్టదు. నాకైతే ఇదే నచ్చుతుంది, ఎందుకంటే చెడిన ఫైలు మీద నమ్మకంగా పనిచేసినట్టు నటించే పనిముట్టు ఇంకా ప్రమాదం.

ఒక్క స్పేస్ కొడితే బ్రాకెట్ తనే జరుగుతుంది

పదేళ్ళ తర్వాత, 2015లో, షాన్ లెబ్రాన్ వ్యవహారాన్ని తిరగేశాడు. పారెడిట్‌లో మీరు బ్రాకెట్ కదిపితే వరసలు దాన్ని అనుసరించి సర్దుకుంటాయి. లెబ్రాన్ రాసిన పారిన్ఫర్‌లో మీరు వరసను జరిపితే బ్రాకెట్లు దాన్ని అనుసరిస్తాయి. మన బిల్లునే మూడు వరసల్లో రాస్తే:

(+ (* అద్దె గదులు)
   నెలలు
   కరెంటు)

ఇక్కడ 'నెలలు' సరిగ్గా గుణకారపు బ్రాకెట్ కిందే మొదలవుతోంది, కాబట్టి అది బయటిది. దాని ముందు ఒక్క స్పేస్ కొట్టండి:

(+ (* అద్దె గదులు
    నెలలు)
   కరెంటు)

'గదులు' పక్కనున్న బ్రాకెట్ మాయమై 'నెలలు' పక్కన తేలింది. తెరిచే బ్రాకెట్ కంటే కుడికి జరిగిన వరస దాని లోపలిది, అంతే సూత్రం. పైథాన్ నుంచి వచ్చినవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది, కొత్త ఆజ్ఞలేవీ బట్టీ పట్టక్కర్లేదు.

మరి ఇంకొకరు వంకరటింకరగా పేర్చిన ఫైలు తెరిస్తే? వరసలను బట్టి బ్రాకెట్లు జరిపితే ప్రోగ్రాం అర్థమే మారిపోతుంది కదా. అందుకే తెరిచిన వెంటనే ముందు పేరెన్ మోడ్ ఒకసారి నడుస్తుంది. అది బ్రాకెట్లను నమ్మి వరసలను సరిచేస్తుంది. ఆ తర్వాతే, పైన చూసినట్టు వరసలను నమ్మే ఇండెంట్ మోడ్‌కి పగ్గాలు అప్పజెబుతారు. ఫలితంగా మీరు ఒక్క అక్షరం దిద్దకపోయినా ఫైల్లో చాలా వరసలు మారినట్టు గిట్‌లో కనిపించవచ్చు. టీములో తగాదాలకు అది చాలు.

అక్షరాలే ఆజ్ఞలు

ఒలే క్రెహెల్ ఈమాక్స్ కోసం రాసిన లిస్పీ అనే ప్యాకేజీలో కర్సర్ బ్రాకెట్ పక్కన ఉంటే మామూలు అక్షరాలు అక్షరాలుగా పడవు. 'సీ' కొడితే ఆ జతకు నకలు తయారవుతుంది, 'ఆర్' కొడితే రైజ్, 'ఈ' కొడితే అక్కడికక్కడే లెక్క చేసి ఫలితం చూపిస్తుంది. రెండు జతల మధ్య ఎవరూ అక్షరాలు కొట్టరు కాబట్టి ఆ చోటును ఖాళీగా పోనివ్వడం దేనికన్న ఆలోచన. తెలివైన బేరం.

చెట్టులో నిలబడ్డ చోటు, హైదరాబాదు దాకా

బ్రాకెట్ల ప్రోగ్రాం నిజానికి ఒక చెట్టు. అందులో కర్సర్ ఏదో ఒక కొమ్మ మీద ఉంటుంది. అక్కడ మార్పు చేస్తే చెట్టు మొత్తం మళ్ళీ కట్టకుండా ఎలా? ఫ్రాన్స్‌లోని ఇన్రియాలో పనిచేసిన జెరార్డ్ హ్యుయే 1997లో కొద్ది పేజీల వ్యాసంలో దీనికో చక్కటి పద్ధతి చెప్పాడు. పేరు జిప్పర్. చేతిలో ఉన్న కొమ్మను ఒక పక్క, అక్కడికి చేరిన దారిని ఇంకో పక్క దాచుకుంటారు. దారిలో ప్రతి మలుపు దగ్గర ఎడమన ఏముంది, కుడిన ఏముంది అనేది ఉంటుంది. పైకి, కిందికి, పక్కకి జరగడం అంటే ఆ రెంటి మధ్య ముక్కలు అటూ ఇటూ మార్చడమే. క్లోజర్ భాషతో పాటు జిప్పర్ల లైబ్రరీ కూడా వస్తుంది.

హ్యుయేకి స్ట్రక్చరల్ ఎడిటర్లతో పరిచయం అంతకు ముందే ఉంది. 1970ల్లో ఇన్రియాలోనే పాస్కల్ ప్రోగ్రాంల కోసం తయారైన మెంటార్ ఎడిటర్‌లో ఆయన చెయ్యి ఉంది. ఆ తర్వాత ఆయన సంస్కృతం వైపు మళ్ళాడు. సంస్కృత నిఘంటువు తయారుచేశాడు, సంధులు విడదీసి వాక్యాన్ని పదాలుగా చీల్చే సాఫ్ట్‌వేర్ రాశాడు. దాని కోసం కట్టుకున్న 'జెన్' అనే పనిముట్ల సంచిలోనూ జిప్పర్లున్నాయి. 2009 జనవరిలో సంస్కృత కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ మూడో అంతర్జాతీయ సదస్సు మన హైదరాబాదులో జరిగింది. దాని వ్యాస సంపుటికి సంపాదకులు ఇద్దరు: హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు అంబా కులకర్ణి గారు, ఈ హ్యుయే గారు. ఎడిటర్‌లో కర్సర్ కదిలే దారినీ సంధి విడదీసే దారినీ ఒకే బుర్ర ఆలోచించిందన్నమాట.

మిగతా భాషలకు ఎందుకు అచ్చిరాలేదు?

ప్రయత్నాలు జరక్కపోలేదు. అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో టిమ్ టైటెల్‌బామ్, థామస్ రెప్స్ కలిసి కోర్నెల్ ప్రోగ్రాం సింథసైజర్ తయారుచేశారు. 1981లో దాని గురించి వ్యాసం వెలువడింది. విద్యార్థి ఆజ్ఞ ఎంచుకుంటే దాని పూర్తి చట్రం తెర మీద పడేది, ఖాళీల్లో కావలసినవి నింపుకోవాలి. కానీ లెక్కల సూత్రాల దగ్గరికొచ్చేసరికి వాళ్ళు కూడా మామూలుగా టైపు చేయనిచ్చారు. కారణం ఉంది. ఒక కూడిక, దాని పక్కన ఒక గుణకారం ఉన్న సూత్రంలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది రాతలో కనపడదు. చెట్టు ఒకలా ఉంటుంది, కంటికి కనిపించే వరస ఇంకోలా ఉంటుంది. చెట్టును బట్టి దిద్దమంటే చెయ్యి ఎదురుతిరుగుతుంది. లిస్ప్‌లో ఈ పేచీ లేదు. చెట్టు ఎలా ఉందో బ్రాకెట్లు అలాగే చూపిస్తాయి. ఎగతాళికి గురైన ఆ బ్రాకెట్లే దిద్దుబాటుకు పట్టుకొమ్మలయ్యాయి.

2007లో వచ్చిన స్క్రాచ్ వేరే దారి పట్టింది. ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు పిల్లల కోసం చేసిన ఇందులో రంగు దిమ్మెలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతకనివి అతకవు. వ్యాకరణ దోషం చేయడానికి వీలే లేదు. అదీ స్ట్రక్చరల్ ఎడిటరే, ఎవరూ ఆ మాట వాడరు గానీ.

ఇక ట్రీ-సిట్టర్. గిట్‌హబ్‌లో ఆటమ్ ఎడిటర్ కోసం మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ రాసిన ఈ లైబ్రరీ మీరు టైపు చేస్తుండగానే, మధ్యలో తప్పులున్నా సరే, ప్రోగ్రాం చెట్టును కట్టి ఉంచుతుంది. 2023లో వచ్చిన ఈమాక్స్ 29లో దీనికి తోడ్పాటు లోపలే ఉంది. జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లోనూ ముక్కను ముక్కగా పట్టుకునే రోజులు ఇలాంటి వాటివల్లే వస్తున్నాయి. మీరు వీఎస్ కోడ్ వాడుతుంటే విండోస్‌లో షిఫ్ట్, ఆల్ట్ పట్టుకుని కుడి బాణం కొట్టి చూడండి. పదం, ఆపైన బ్రాకెట్ల లోపలిది, ఆపైన బ్రాకెట్లతో సహా, ఇలా ఎంపిక పొర తర్వాత పొరగా పెరుగుతుంది. ఏ భాషలో రాసేవారికైనా పనికొచ్చేదే. క్లోజర్ రాసేవాళ్ళయితే అదే వీఎస్ కోడ్‌లో కాల్వా పెట్టుకుంటే పారెడిట్ ఆజ్ఞలు చాలామటుకు వస్తాయి, బ్యాక్‌స్పేస్ మొండితనంతో సహా.

ఇంటి ప్లాను గీసే చోట లిస్ప్

లిస్ప్ ఎక్కడో అమెరికా ప్రయోగశాలల వ్యవహారం అనుకుంటే పొరపాటు. ప్లాన్లు గీసే ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్‌లో 1986 నుంచీ ఆటోలిస్ప్ ఉంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటి ప్లాన్లు గీసే ఆఫీసుకెళితే, గది వైశాల్యం లెక్కగట్టడానికో తలుపులకు నంబర్లు వేయడానికో ఎవరో రాసిన చిన్న లిస్ప్ ఫైలు వాడుకునే డ్రాఫ్ట్స్‌మన్ తారసపడొచ్చు. దాన్ని ఆయన ప్రోగ్రామింగ్ అనడు, లిస్ప్ లోడ్ చేశా అంటాడు.

ఆటోకాడ్ కమాండ్ లైనులో (+ 2 3 అని కొట్టి, బ్రాకెట్ మూయకుండా ఎంటర్ నొక్కి చూడండి. తప్పని తిట్టదు. (_> అని చూపించి ఎదురుచూస్తుంది. పాత వెర్షన్లలో ఆ చోట 1> అని కనిపించేది. ఇంకా ఒక బ్రాకెట్ బాకీ ఉందని లెక్క. రెండు బాకీ ఉంటే 2>. ఒక ఫైలు లోడ్ చేశాక అది ఏ 3> దగ్గరో నిలిచిపోతే, ఎక్కడ మూయలేదో వెతకడానికి అప్పట్లో నోట్‌ప్యాడే గతి. ఆటోకాడ్ 2021తో ఆటోలిస్ప్‌కు వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది, ఆ ఫైళ్ళను ఇప్పుడు అందులోనూ దిద్దుకోవచ్చు. తక్కువ ధర ఎల్‌టీ వెర్షన్ వాడేవాళ్ళకు మాత్రం ఆటోలిస్ప్ 2024 వెర్షన్ దాకా అందలేదు.